ఆగి ఉన్న వర్చువల్ మెషీన్ డిస్కును బయటినుంచి దిద్దడం: ఒక చరిత్ర



ఒక సన్నివేశాన్ని ఊహించుకోండి. మీ కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్‌లో ఒక వర్చువల్ మెషీన్‌ను ఏర్పాటు చేసుకుని, అందులో లినక్స్ నేర్చుకుంటున్నారు. డిస్కులోని ఏ భాగాన్ని ఏ డైరెక్టరీకి తగిలించాలో చెప్పే చిన్న పట్టిక ఒకటి లినక్స్‌లో ఉంటుంది. దాని పేరు ఎఫ్‌స్టాబ్. అందులో ఒక వరుస మార్చబోయి ఒక అక్షరం తప్పు రాశారు. మర్నాడు ఆ మెషీన్‌ను ప్రారంభించగానే అది సగంలో ఆగిపోయి, నిర్వాహకుడి పాస్‌వర్డ్ చెబితే తప్ప ముందుకు కదలనంటోంది. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో మరచిపోయారు. రెండు నెలలు కష్టపడి చేసిన ప్రాజెక్టు అంతా ఆ మెషీన్‌లోనే ఉంది.

ఇది నిజమైన కంప్యూటరే అయితే మూత విప్పి, హార్డ్‌డిస్కు తీసి, మరో కంప్యూటర్‌కు తగిలించి తప్పు దిద్దేవారు. వర్చువల్ మెషీన్‌కు మూత లేదు, విప్పడానికి మరలు లేవు. దానికి హార్డ్‌డిస్కుగా కనిపిస్తున్నది మీ అసలు కంప్యూటర్‌లో ఉన్న ఒక పెద్ద ఫైలు మాత్రమే. పది గిగాబైట్ల ఆ ఫైలులో ఎక్కడో మీరు తప్పు రాసిన ఆ ఒక్క అక్షరం ఉంది. మెషీన్‌ను నడపకుండానే, బయటినుంచి ఆ ఫైలును తెరిచి, లోపలి ఎఫ్‌స్టాబ్‌ను పట్టుకుని, ఆ అక్షరాన్ని దిద్దగలమా?

దిద్దగలం. అయితే ఇంత మామూలుగా కనిపించే ఈ పని వెనుక అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. ఆ చరిత్రను కాస్త లోతుగా చూస్తే, మొదటినుంచీ ఇంజనీర్లను వేధించిన ప్రశ్న ‘డిస్కును తెరవడం ఎలా’ అన్నది కాదని తెలుస్తుంది. ‘ఈ క్షణంలో దీనిమీద రాసే హక్కు ఎవరిది’ అన్నదే ఆ ప్రశ్న. ఈ పాఠంలో మనం ఆ ప్రశ్న వెంటే నడుద్దాం. ముందుగా రెండు మాటలు గుర్తుంచుకోండి. చోటిచ్చే అసలు కంప్యూటర్‌ను ఆతిథేయ యంత్రమనీ, దానిలో నడిచే వర్చువల్ మెషీన్‌ను అతిథి యంత్రమనీ అంటాం.

కథ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జ్ పట్టణంలో మొదలవుతుంది. 1964లో ఐబీఎం సంస్థ సిస్టమ్ 360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం కేంబ్రిడ్జ్‌లో ఆ సంస్థ ఒక విజ్ఞాన కేంద్రాన్ని నెలకొల్పింది. అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక గది నిండా ఉండే యంత్రం. దాన్ని ఒకరి తరువాత ఒకరు వాడుకోవాలి. అందరికీ ఒకేసారి వాడుకునే అవకాశం కల్పించడానికి రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మొదలైనవారు ఒక సాహసోపేతమైన ఆలోచన చేశారు. ఉన్న ఒక్క యంత్రాన్నే పలువురికి పంచడానికి బదులు, ప్రతి ఒక్కరికీ తనదైన యంత్రం ఉన్నట్టు భ్రమ కల్పిస్తే ఎలా ఉంటుంది? సిస్టమ్ 360 మోడల్ 40 మీద వారు రూపొందించిన సీపీ-40 అనే ప్రోగ్రాం 1967 జనవరి నాటికి వాడుకలోకి వచ్చింది. అది ఒకే యంత్రంలో 14 వర్చువల్ మెషీన్లను నడిపింది. దాని తరువాత సీపీ-67, ఆపైన 1972 ఆగస్టులో ఐబీఎం ప్రకటించిన వీఎం/370 వచ్చాయి.

మనకు ముఖ్యమైనది వారు డిస్కును పంచిన తీరు. ఆనాటి 2314 రకం డిస్కు ప్యాక్ ఒక్కొక్కటి దాదాపు 29 మెగాబైట్లు పట్టేది. ఈనాడు మీ ఫోనులోని నాలుగైదు ఫోటోలకే అది నిండిపోవచ్చు. ఆ రోజుల్లో అది పదిమందికి సరిపడే ఆస్తి. అందుచేత ఒక డిస్కును ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క వర్చువల్ మెషీన్‌కు కేటాయించారు. ఆ ముక్కకు మినీడిస్కు అని పేరు పెట్టారు. అతిథికి తన మినీడిస్కు ఒక పూర్తి డిస్కులాగే కనబడుతుంది. ఆతిథేయకు మాత్రం అది ఇన్ని సిలిండర్ల స్థలం మాత్రమే; అందులో ఏ ఫైళ్లున్నాయో, వాటి పేర్లేమిటో దానికి తెలియదు. స్థలం ఒకరిది, అందులోని అమరిక తెలిసినది మరొకరికి. మనం చెప్పుకోబోయే చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

వీఎం/370లో వినియోగదారుడు లాగాన్ అయినప్పుడే అతని వర్చువల్ మెషీన్ పుడుతుంది, లాగాఫ్ కాగానే అది అంతమవుతుంది. మినీడిస్కు మాత్రం నిలిచి ఉంటుంది. కాబట్టి ఎవరైనా తన ప్రారంభ ఫైలును పాడుచేసుకుని, లాగాన్ అయిన ప్రతిసారీ చిక్కుకుపోతుంటే, వ్యవస్థ నిర్వాహకుడు తన సొంత వర్చువల్ మెషీన్ నుంచి ఆ వినియోగదారుడి మినీడిస్కును ‘లింక్’ అనే ఆదేశంతో తగిలించుకుని, ఫైలు దిద్ది, విడిచిపెట్టేవాడు. అంటే మన పాఠ్యాంశం నిన్న మొన్నటిది కాదు. లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ ఇంకా పసివాడుగా ఉన్న 1970లలోనే ఈ పని నిత్యకృత్యంగా జరిగేది.

ఆ లింక్ ఆదేశాన్ని కొంచెం పరిశీలించండి. దానికి తోడుగా ఏ రీతిలో తగిలించాలో చెప్పాలి. చదవడానికి మాత్రమే అయితే ఒక రీతి. మరెవరూ ఆ డిస్కును తగిలించుకోకుండా ఉంటేనే రాయడానికి అనుమతించేది ఇంకొకటి. ఇతరులు చదువుతున్నా సరే, రాసేవారు మరొకరు లేకపోతే చాలుననేది వేరొకటి. ఇతరులు రాస్తున్నా సరే, నాకూ రాసే హక్కు కావాలని అడిగే రీతి కూడా ఉంది. ఈ చివరి రీతిని వాడితే డిస్కు పాడయ్యే ప్రమాదం ఉందని ఆ కాలపు నిర్వాహకులందరికీ తెలుసు. ఎందుకంటే అతిథి యంత్రంలో నడిచే సీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులోని ఫైళ్ల జాబితాను తన జ్ఞాపకశక్తిలో, అంటే మెమొరీలో, ఒక ప్రతిగా ఉంచుకునేది. ఇద్దరు రాస్తే ఇద్దరి జాబితాలూ వేర్వేరు అయిపోతాయి. చివర రాసినవాడి జాబితా మొదటివాడి పనిని తుడిచివేస్తుంది.

ఈ విషయాన్ని మన ఊళ్లలోని ఒక పాత వ్యవస్థతో పోల్చి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యేవరకూ గ్రామాల్లో కరణం ఉండేవాడు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో రాసే అడంగలు లెక్క ఆయన దగ్గర ఉండేది. పొలాలు తిరుగుతూ చూసినదంతా అక్కడికక్కడే పుస్తకంలో రాయని కరణాన్ని ఊహించుకోండి. కొంత మనసులో పెట్టుకుని, కొంత చిత్తుకాగితం మీద గీసుకుని, సాయంత్రం ఇంటికి వచ్చి రాస్తాడు. ఆయన పొలంలో ఉండగా మరెవరో ఇంట్లోకి వచ్చి అడంగలులో నాలుగు వరుసలు మార్చారనుకోండి. సాయంత్రం కరణం తన మనసులోని లెక్క ప్రకారమే రాసుకుపోతాడు. ఆ పుస్తకంలో ఇక ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. మార్చిన మనిషి మంచి ఉద్దేశంతోనే మార్చి ఉండవచ్చు, మార్చినది సరైన లెక్కే కావచ్చు. అయినా పుస్తకం పాడవుతుంది. నడుస్తున్న లినక్స్ అచ్చంగా ఈ కరణమే. మీరు ఫైలు భద్రపరచమని చెప్పగానే అది డిస్కు మీదకు చేరదు. కొంతసేపు మెమొరీలో ఉంటుంది. మామూలు అమరికలో ఈ ఆలస్యం 30 సెకన్ల దాకా ఉండవచ్చు. నడుస్తున్న అతిథి డిస్కును బయటినుంచి ఎందుకు ముట్టుకోకూడదో, అది ఆగి ఉండాలని ఎందుకు పట్టుబడతామో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక లినక్స్ దగ్గరకు వద్దాం. అంతకుముందు దాని పూర్వీకుడైన యూనిక్స్ గురించి ఒక్క మాట. 1969 నుంచి బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ నిర్మించిన యూనిక్స్‌లో డిస్కు కూడా ఒక ఫైలులాగే కనబడుతుంది. ‘మౌంట్’ అనే ఆదేశంతో ఏ డిస్కునైనా డైరెక్టరీ వృక్షంలో ఒక కొమ్మగా అతికించవచ్చు. డిస్కు ఫైలులా కనబడితే, ఫైలు డిస్కులా ఎందుకు కనబడకూడదు? ఈ తిరగవేసిన ప్రశ్నకు లినక్స్‌లో జవాబు తొందరగానే వచ్చింది. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో విద్యార్థిగా ఉంటూ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేశాడు. 1993 మార్చిలో థియొడోర్ సో అనే యువ ఇంజనీర్ ‘లూప్ డివైస్’ అనే చిన్న డ్రైవరును రాశాడు. ఏ ఫైలునైనా ఇది డిస్కు వేషంలో కెర్నల్ ముందు నిలబెడుతుంది. కెర్నల్ దానిని నిజమైన డిస్కు అనుకుని మౌంట్ చేస్తుంది. మీరు లోపలి ఫైలును దిద్దితే ఆ మార్పు పెద్ద ఫైలులోని సరైన చోటికి చేరుతుంది.

ఈ డ్రైవరు పుట్టిననాటికి వ్యక్తిగత కంప్యూటర్లలో లినక్స్ వర్చువల్ మెషీన్ల ఊసే లేదు. ఫ్లాపీల, సీడీల నకళ్లను డిస్కు మీద ఉంచుకుని తెరవడానికే దీన్ని వాడేవారు. 1999లో జెఫ్ డైక్ యూజర్ మోడ్ లినక్స్‌ను తయారు చేశాడు. ఇది లినక్స్‌లోనే ఒక మామూలు ప్రోగ్రాంలా నడిచే మరో లినక్స్. దాని డిస్కు ఒక ఫైలు. ఆ ఫైలులో మొదటినుంచీ చివరివరకూ ఉండేది ఒకే ఫైల్‌సిస్టమ్. కాబట్టి లూప్ సాయంతో మౌంట్ చేయడం ఒక్క వరుస పని. ఆ అమాయకపు రోజులు ఎక్కువకాలం నిలవలేదు.

అదే 1999లో వీఎంవేర్ సంస్థ తన వర్క్‌స్టేషన్‌ను విడుదల చేసింది. 2003లో ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ క్యూఈఎంయూను అందించాడు. అదే సంవత్సరం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి జెన్ వచ్చింది. వర్చువల్ మెషీన్ల చరిత్రలో రెండు కేంబ్రిడ్జ్‌లు ఉండడం విద్యార్థులను పరీక్షల్లో తికమకపెట్టే విషయం. ఏది మొదటిదో గుర్తుంచుకోండి. వీఎంవేర్, క్యూఈఎంయూ అసలు కంప్యూటర్‌ను మొత్తంగా అనుకరిస్తాయి. అందుచేత వీటిలోని డిస్కు కూడా అసలు హార్డ్‌డిస్కు లాగే విభజన పట్టికతో మొదలవుతుంది. ఫైల్‌సిస్టమ్ ఆ తరువాత ఎక్కడో ఉంటుంది. లూప్ డ్రైవరును ఫైలు మొదటి అక్షరం దగ్గర నిలబెడితే దానికి ఫైల్‌సిస్టమ్ కనబడదు, మౌంట్ విఫలమవుతుంది.

అప్పుడు నిర్వాహకుల నోళ్లలో నానిన ఒక సంఖ్య ఉంది: 32256. ఇది ఎక్కడిదో తెలుసుకోవడం సరదాగా ఉంటుంది. పాత కంప్యూటర్లలో డిస్కు మీది చోటును సిలిండర్, హెడ్, సెక్టార్ అనే మూడు అంకెలతో చెప్పేవారు. సెక్టార్ అంకెకు కేటాయించినవి 6 బిట్లు. 6 బిట్లలో 0 నుంచి 63 వరకు రాయవచ్చు. సెక్టార్ల లెక్క 1 నుంచి మొదలవుతుంది గనుక ఒక ట్రాక్‌కు గరిష్ఠంగా 63 సెక్టార్లు. మొదటి ట్రాక్‌ను విభజన పట్టికకు వదిలిపెట్టి, మొదటి విభాగాన్ని రెండవ ట్రాక్ నుంచి, అంటే 63 సెక్టార్లు దాటాక మొదలుపెట్టేవారు. సెక్టారుకు 512 బైట్లు. 63ను 512తో గుణించి చూడండి, 32256 వస్తుంది. మౌంట్ ఆదేశానికి ఇన్ని బైట్లు దాటి చూడమని చెబితే ఫైల్‌సిస్టమ్ దొరికేది. క్వార్టర్ అంగుళం లోహపు పళ్లెం కూడా లేని ఒక ఊహా డిస్కులో, 1980ల నాటి లోహపు డిస్కు కొలత అలా బతికి ఉంది!

తరువాత 4096 బైట్ల సెక్టార్లున్న డిస్కులు వచ్చాయి. వాటికి 63 అనే బేసి సంఖ్య కుదరదు. అందువల్ల 2010 ప్రాంతం నుంచి లినక్స్ పనిముట్లు మొదటి విభాగాన్ని 2048వ సెక్టారు నుంచి, అంటే 10,48,576 బైట్ల నుంచి మొదలుపెట్టసాగాయి. కంఠస్థం చేసిన పాత సంఖ్యతో కొత్త డిస్కును తెరవబోయి భంగపడినవారు చాలామంది. సంఖ్యను కంఠస్థం చేయడం కంటే విభజన పట్టికను చదివి లెక్కవేయడం మేలు. ఆ చదివే పనిని కేపార్టెక్స్ అనే పనిముట్టు తానే చేసి, ఒక్కొక్క విభాగాన్నీ విడిగా చూపిస్తుంది.

మరో పొర కూడా ఉంది. రెడ్ హ్యాట్ వంటి లినక్స్‌లు విభాగం లోపల ఎల్‌వీఎం అనే అమరికను పెట్టి, దానికి వాల్‌గ్రూప్00 అని పేరు పెట్టేవి. ఆతిథేయలోనూ అదే లినక్స్ ఉంటే అక్కడా అదే పేరు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు ఒకే తరగతిలో ఉంటే హాజరు పిలిచేటప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ హాజరు తప్పుగా పడితే దిద్దుబాటు ఆతిథేయ డిస్కు మీదే జరిగే ప్రమాదం ఉంది.

ఫైలు రూపమూ మారిపోయింది. పది గిగాబైట్ల డిస్కుకు మొదటిరోజే పది గిగాబైట్ల చోటు ఎందుకని, రాసినంతమేరకే పెరిగే రూపాలు వచ్చాయి. క్యూఈఎంయూ వారి క్యూకౌ2 వీటిలో ప్రసిద్ధం. ఇందులో డిస్కును మామూలుగా 64 కిలోబైట్ల తునకలుగా విభజించి, ఏ తునక ఫైలులో ఎక్కడ ఉందో రెండంచెల పట్టికలో రాస్తారు. వరుస క్రమం ఉండదు కాబట్టి లూప్ డ్రైవరు దీన్ని చదవలేదు. ఇక్కడ ఆదుకున్నది 1997లో పావెల్ మాచెక్ రాసిన నెట్‌వర్క్ బ్లాక్ డివైస్. దూరాన ఉన్న కంప్యూటర్‌లోని డిస్కును ఇక్కడిదిలా చూపడానికి అతడు దీన్ని రాశాడు. క్యూఈఎంయూ బృందం దీనికి కొత్త ఉపయోగం కనిపెట్టింది. పట్టికలను అర్థం చేసుకోగల తమ ప్రోగ్రాంను ఒక చివర, కెర్నల్‌ను మరో చివర ఉంచితే, రెండు చివరలూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నా పని జరిగిపోతుంది.

ఇంతవరకు తెరవడం గురించి. తెరవగలగడమే ఒక ఆపద ఎలా అవుతుందో ఇప్పుడు చూద్దాం.

జెన్‌లో పైగ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. అతిథిని ప్రారంభించేముందు ఆతిథేయ యంత్రమే అతిథి డిస్కును తెరిచి, ప్రారంభపు అమరికల ఫైలును చదివి, ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో తెలుసుకోవాలి. ఆ చదివే పని పైగ్రబ్‌ది. ఆగి ఉన్న డిస్కును కేవలం చదవడం; ఇందులో ప్రమాదమేముంది? 2007లో ఒక లోపం బయటపడింది. ఆ ఫైలులోని మాటలను పైగ్రబ్ సరిగా పరీక్షించకుండా ఆదేశాలలో కలిపి అమలు చేసేది. అతిథి యంత్రంలో అధికారం ఉన్న మనిషి ఆ ఫైలులో తగిన విధంగా మోసపు వరుస రాసిపెడితే, తరువాతి ప్రారంభంలో అది ఆతిథేయలో అమలవుతుంది. అద్దెకున్నవాడి ఉత్తరాన్ని చదవబోయి యజమాని ఇల్లు పోగొట్టుకున్నట్టు! ఒకే ఆతిథేయ మీద పలువురి అతిథులు ఉండే చోట ఇది చిన్న విషయం కాదు.

ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ల సంగతి ఇంకా సున్నితం. అవి కెర్నల్‌లో, సర్వాధికారాలతో పనిచేస్తాయి. ఎదుట ఉన్న డిస్కు సక్రమంగానే ఉంటుందనే నమ్మకంతో రాసినవి. కావాలని వక్రంగా తయారుచేసిన డిస్కును మౌంట్ చేస్తే ఆతిథేయ కెర్నలే కుప్పకూలవచ్చు, అంతకంటే చెడ్డదీ జరగవచ్చు. ఇవి కాక మామూలు మనుషులకే ఎదురయ్యే ఒక ఉచ్చు ఉంది. అతిథిలోని కొన్ని ఫైళ్లు నిజానికి ఫైళ్లు కావు, ‘ఫలానా చోట చూడు’ అని చెప్పే సింబాలిక్ లింకులు. ఆ చోటు మూల డైరెక్టరీ నుంచి రాసి ఉంటే, బయటినుంచి తెరిచినప్పుడు ఆ మూలం అతిథిది కాదు, ఆతిథేయది. నేమ్‌సర్వర్ వివరాలు ఉండే రిజాల్వ్ ఫైలు కొన్ని లినక్స్‌లలో ఇలాంటి లింకే. అతిథి ఫైలును దిద్దుతున్నామనుకుంటూ సొంత కంప్యూటర్ నెట్‌వర్క్‌ను ఆపుకున్నవారు లేకపోలేదు.

2009లో రెడ్ హ్యాట్ ఇంజనీర్ రిచర్డ్ జోన్స్ మొదలుపెట్టిన లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ ఈ చిక్కులకు ఒక చక్కని దారి చూపింది. అతిథి డిస్కును ఆతిథేయ కెర్నల్ ముట్టుకోనేకూడదు. అలా అయితే ఎవరు తెరవాలి? దానికోసమే ఒక చిన్న లినక్స్ వర్చువల్ మెషీన్‌ను అప్పటికప్పుడు ప్రారంభించి, దిద్దవలసిన డిస్కును దానికి తగిలించి, పని అంతా దానిచేత చేయించాలి. వక్రమైన డిస్కు ఎవరినైనా పడగొడితే ఆ చిన్న యంత్రాన్నే ముందు పడగొడుతుంది. వాల్‌గ్రూప్ పేర్లు తారుమారు కావు, ఎందుకంటే ఆ యంత్రంలో ఆతిథేయ డిస్కే లేదు. లింకులు దారి తప్పవు. ఒక వర్చువల్ మెషీన్‌ను దిద్దడానికి మరో వర్చువల్ మెషీన్! చూడండి, 1970లలో వీఎం/370 నిర్వాహకుడు చేసినదీ ఇదే. అతడు కూడా తన వర్చువల్ మెషీన్ నుంచే ఎదుటివాడి మినీడిస్కును తగిలించుకున్నాడు. ఆ పాత పద్ధతి ఎంత ఆలోచించి పెట్టినదో చాలా ఏళ్ల తరువాత మళ్లీ తెలిసివచ్చిందని నా అభిప్రాయం.

ఈ భాండాగారంలోని వర్ట్-ఎడిట్ అనే పనిముట్టుకు మెషీన్ పేరు, ఫైలు పేరు చెబితే చాలు, ఎడిటర్‌లో ఆ ఫైలు తెరుచుకుంటుంది. గెస్ట్‌ఫిష్ అనేదానిలో ఒక్కొక్క ఆదేశం ఇస్తూ డిస్కు అంతా కలయతిరగవచ్చు. మరచిపోయిన పాస్‌వర్డ్‌ను మార్చడానికి కూడా పనిముట్లు ఉన్నాయి.

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగాలి. పాస్‌వర్డ్ తెలియకుండానే పాస్‌వర్డ్ మార్చగలిగితే, ఆ పాస్‌వర్డ్ కాపాడుతున్నదేమిటి? ఫైల్‌సిస్టమ్ అనుమతులన్నీ నడుస్తున్న కెర్నల్ అమలు చేసే నియమాలు. కాపలాదారు నిద్రపోతే గోడ మీది ‘లోపలికి రాకూడదు’ అన్న బోర్డు వట్టి బోర్డే. ఆగి ఉన్న మెషీన్ డిస్కు ఎవరి చేతిలో ఉంటే, అందులోని ప్రతి అక్షరమూ వారి చేతిలో ఉన్నట్టే. మీరు అద్దెకు తీసుకున్న సర్వరు విషయంలోనూ, ప్రయోగశాలలో వదిలివెళ్లిన మీ ప్రాజెక్టు విషయంలోనూ ఇది నిజం. డిస్కు మొత్తాన్ని సంకేతలిపిలోకి మార్చి, తాళంచెవిని వేరేచోట ఉంచుకుంటే తప్ప దీనికి విరుగుడు లేదు. లినక్స్‌లో ఇందుకు లక్స్ అనే పద్ధతి ఉంది. అయితే అప్పుడు తాళంచెవి పోగొట్టుకుంటే బయటినుంచి దిద్దే దారి మీకూ మూసుకుపోతుంది. ఇతరుల డిస్కును అనుమతి లేకుండా తెరవడం మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కిందికి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

మళ్లీ మన కరణం దగ్గరకు వద్దాం. మెషీన్ ఆగి ఉందని మీకెలా తెలుసు? తెరమీద దాని కిటికీ లేకపోవడం సాక్ష్యం కాదు. వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా ఆపకుండా, దాని మెమొరీని ఒక ఫైలులో భద్రపరచి నిద్రపుచ్చే సౌకర్యం ఉంది. పైకి చూస్తే అది ఆగినట్టే ఉంటుంది, దాని ప్రక్రియ ఏదీ నడవదు, డిస్కు ఫైలు తీరికగా కనబడుతుంది. కానీ ఆ భద్రపరచిన మెమొరీలో కరణం మనసులోని లెక్కంతా ఉంది. మీరు డిస్కులో ఎఫ్‌స్టాబ్‌ను చక్కగా దిద్దుతారు. తరువాత మెషీన్ నిద్రలేచి, తన పాత జ్ఞాపకం ప్రకారం రాయడం మొదలుపెడుతుంది. ఒక్క అక్షరం తప్పు ఉన్న డిస్కు కాస్తా పూర్తిగా పాడైన డిస్కు అవుతుంది. నిద్రపోతున్న మెషీన్‌ను ముందు లేపి, సక్రమంగా షట్‌డౌన్ చేసి, ఆ తరువాతే డిస్కును ముట్టుకోవాలి.

‘చదవడానికి మాత్రమే తెరుస్తాను, ఏమీ కాదు’ అనే ధీమా కూడా పనికిరాదు. 2001లో లినక్స్‌లో చేరిన ఎక్స్‌ట్3 నుంచి ఫైల్‌సిస్టమ్‌కు ఒక దినచర్య పుస్తకం ఉంది. దాన్ని జర్నల్ అంటారు. కరెంటు పోయి మెషీన్ హఠాత్తుగా ఆగితే, అసంపూర్తిగా మిగిలిన మార్పులు ఆ జర్నల్‌లో ఉంటాయి. తరువాత మౌంట్ చేసేటప్పుడు కెర్నల్ ముందుగా వాటిని డిస్కు మీద పూర్తిచేస్తుంది. చదవడానికి మాత్రమే అని చెప్పి మౌంట్ చేసినా ఈ పని చేస్తుంది! నడుస్తున్న మెషీన్ డిస్కును ఇలా తెరిస్తే, చూడబోయి రాసినవారవుతారు. జర్నల్‌ను ముట్టవద్దని విడిగా చెప్పాలి, లేదా డిస్కు ఫైలుకే రాయడానికి వీలులేని కట్టు వేయాలి.

మూడవ ఉచ్చు ఒక మూల డిస్కు మీద పది మెషీన్లు ఆధారపడినప్పుడు వస్తుంది. ప్రయోగశాలల్లో చోటు మిగల్చడానికి ఒక మూల ఇమేజ్ తయారుచేసి, ఒక్కొక్క విద్యార్థికి అతని మార్పులను మాత్రమే దాచే పైపొర ఇస్తారు. ఆ మూలాన్ని దిద్దితే అందరికీ ఒకేసారి దిద్దుబాటు చేరుతుందని అనిపిస్తుంది. చేరదు. పైపొరల్లోని మార్పులు పాత మూలం మీద లెక్కవేసి రాసినవి. మూలం కదిలితే పదీ చెడతాయి. దిద్దవలసింది మీ పైపొరను మాత్రమే.

ఇద్దరు ఒకేసారి రాయకుండా ఆపే తాళం ఐబీఎం లింక్ ఆదేశంలో మొదటినుంచీ ఉందని చూశాం. క్యూఈఎంయూలో అలాంటిది అప్రమేయంగా అమలులోకి వచ్చింది 2017 ఆగస్టులో విడుదలైన 2.10తో. అప్పటినుంచి నడుస్తున్న మెషీన్ డిస్కును అదే ఆతిథేయలో మరో క్యూఈఎంయూ పనిముట్టుతో రాయడానికి తెరిస్తే, రాత తాళం దొరకలేదని చెప్పి అది నిరాకరిస్తుంది. లూప్ డ్రైవరుతో నేరుగా తెరిచేవారిని ఈ తాళం ఆపదు. నిద్రపుచ్చిన మెషీన్ విషయంలో తాళం వేసి ఉంచేవారే ఉండరు.

ఇప్పుడు మీ ప్రయోగశాలకు వెళదాం. మెషీన్ పూర్తిగా ఆగిందని, భద్రపరచిన మెమొరీ ఫైలు ఏదీ లేదని నిర్ధారించుకున్నారు. డిస్కు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టారు. వర్ట్-ఎడిట్‌తో ఎఫ్‌స్టాబ్ తెరిచారు. చిన్న యంత్రం లేచి డిస్కు తగిలించుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కంగారుపడి ఆపేయకండి. తప్పు అక్షరం కనబడింది, దిద్ది భద్రపరచారు. ఆ చిన్న యంత్రం తన మెమొరీలో ఉన్నదంతా డిస్కు మీదకు దింపి ఆగిపోయేవరకు వేచి ఉన్నారు. ఆ తరువాత మీ మెషీన్‌ను ప్రారంభించారు. నిన్న ఆగిన వరుస దాటి, లాగిన్ అన్న మాట తెరమీద కనబడుతుంది.